కొమ్ము లేని బ

కర్నూలు పెద్దాసుపత్రి. పెథాలజీ గది.
కిటికీ అవతల మధ్యాహ్నం నాపరాయిలా కాగుతోంది.
ఇవతల నేను
ఒక అమ్మాయి మెడను
నాలుగు వందల రెట్లు పెద్దది చేసి చూస్తున్నాను.

అమ్మాయి పేరు మాబున్ని.
ఇరవై మూడేళ్ళు. ఎమ్మిగనూరు బుడ్డల మిల్లులో
పుచ్చుపప్పులు ఏరే పని.
ఫారం మీద మాత్రం మాబన్ని అని ఉంది.

గాజుపలక నిండా నీలం, గులాబీ.
ఉరుసంత గుంపు.
చిన్న చిన్న లింఫోసైట్లు,
ఎర్ర రేణువులు ఒళ్ళో పోసుకున్న ఇయోసినోఫిల్స్,
ఏదో జరిగిందట అని చూడ్డానికొచ్చి
ఇళ్ళకు పోవడం మరిచినవాళ్ళు.
చేతికి తగిలే గడ్డంతా వీళ్ళే,
నూటికి తొంభై తొమ్మిది మంది.
వీళ్ళ మీద నాకు కోపం లేదు.

అసలుది అదిగో,
చుట్టూ కాస్త జాగా చేసుకుని కూర్చుంది.
ఒకే ఒంట్లో రెండు కేంద్రకాలు.
గుడ్లగూబ కళ్ళు అని మాకు చదువు చెప్పినవాళ్ళు చెప్పారు.
పుట్టి పెరిగింది పత్తికొండలో కదా,
నాకెప్పుడూ అది
రెండు పప్పుల బుడ్డలాగే కనిపిస్తుంది.

విడిపోదామనే మొదలుపెట్టింది పాపం.
క్రోమోజోములు పంచుకుంది,
చెరో కొసకూ లాక్కుంది,
నడుం దగ్గర సన్నగా నొక్కుకుంది.
చివర్న ఒక్క పోగు మిగిలింది.
తెగాల్సిన పోగు.
తెగలేదు.
అప్పటికే దూరం జరిగిన ఇద్దరు పిల్లలూ
ఆ పోగు పట్టుకుని వెనక్కి వచ్చి
మళ్ళీ ఒకే చర్మంలో దూరారు.
దీన్ని కలవడం అనడానికి నాకు నోరు రాదు.

బి-కణం ప్రతిదీ
ఎదిగేటప్పుడు తన ఇంటిపేరు తనే రాసుకుంటుంది,
జన్యువుని ముక్కలు కోసి, అతికించి,
పక్కదానికి లేని పేరు.
ఇలాంటి గడ్డల్లోంచి ఈ పెద్ద కణాల్ని
ఒక్కొక్కటే లేజరుతో ఏరి
(మాబున్ని పుచ్చులు ఏరినట్టే)
చదివి చూశారు ఎక్కడో.
అన్నిటికీ ఒకటే ఇంటిపేరు.
అదే చోట, అదే అక్షరం తప్పు.
ఒప్పుల్ని బట్టి ఏం తెలుస్తుంది,
తప్పుని బట్టే తెలుస్తుంది చుట్టరికం.

అంటే ఏ రాత్రో
ఆ తప్పుతో చచ్చిపోవాల్సిన కణం ఒకటి
చావడం మరిచిపోయింది.

వాళ్ళమ్మని కౌంటరు దగ్గరికి పిలిచాను.
"పేరు మాబున్నే కదమ్మా?"
"మాబున్నే మేడమ్. రేసన్ కార్డు రాసిన ఆయప్ప
బకు కొమ్మియ్యలా.
దాన్ని సూసి ఆధారోల్లు, ఆధారును సూసి బ్యాంకోల్లు,
బ్యాంకును సూసి ఆరోగ్యశ్రీ.
ఎన్నిసార్లు తిరిగినామో మండలాపీసుకు.
కొమ్ము రాలా."
నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆపి
"గడ్డ మంచిదేనా" అంది.

మంచిది కాదు.
కానీ నాలుగు మందులున్నాయి దీనికి,
పదిహేను రోజులకొకసారి, నరంలోకి.
చాలామందికి పోతుంది.
చాలామందికి అన్న మాటని
కొంచెం గట్టిగా అన్నాననుకుంటా.

రిపోర్టు కొట్టడానికి కూర్చున్నాను.
సీడీ ముప్పై గోధుమరంగు తేలింది, సీడీ పదిహేనూ తేలింది.
క్లాసికల్ హాడ్జ్‌కిన్ లింఫోమా.
పేరు దగ్గరికొచ్చి బకు కొమ్మిచ్చాను.
వెనక నుంచి టెక్నీషియన్ మద్దిలేటి అన్నాడు:
"కార్డులో ఉన్నట్టే కొట్టండి మేడమ్.
ఒక్క కొమ్ము తేడా వచ్చినా
కేసు తిప్పి పంపిస్తారు. మందు నెల ఆగిపోతుంది."

కర్సరు ఆరుతూ వెలుగుతూ ఉంది.
కొమ్ము తీసేశాను.

మాబన్ని. స్త్రీ. ఇరవై మూడు.

ఐదో కాపీ నాది.
సంతకం కింద తేదీ వేస్తుంటే
వరండాలోంచి వాళ్ళమ్మ గొంతు,
"మాబున్నీ, నీల్ల సీసా మర్సినావు సూడు"